నూకి మెడలో పెద్దమ్మ మోకాలు

పిల్లి మెడలో గంట కట్టేదెవరని మనవాళ్లు ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు. గంట సంగతి నాకు తెలియదు గానీ, పిల్లి మెడకు కాలర్ కట్టిన చేతులు మాత్రం నావే. ఈ చేతులు చూసి ఏ జ్యోతిష్కుడూ జాతకం చెప్పలేడు. వీటి మీద గీతలు సగం బ్రహ్మ గీసినవి, సగం పిల్లులు గీసినవి.

పశువుల డాక్టరుగా చివ్వెంలలో మొదలుపెట్టి, నడిగూడెం, నిడమనూరు తిరిగి, మిర్యాలగూడలో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాను. ఈమధ్య మా వీధిలో ఒక అమ్మాయికి వెటర్నరీ కాలేజీలో సీటు వచ్చింది. వాళ్ల నాన్న మిఠాయి డబ్బా తెచ్చి, తన బిడ్డకు నాలుగు మంచి మాటలు చెప్పమని అడిగాడు. మిఠాయి తినేశాను కాబట్టి చెప్పక తప్పదు. నాలుగు మాటల్లో ముగించడం నాకు చేతకాదు గనక రాస్తున్నాను. ఏ ఏడు ప్రమోషన్ వచ్చింది, ఏ ఆఫీసరు మెమో ఇచ్చాడు వంటివి ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

పిల్లి రోగి కాని రోజులు

నేను ఉద్యోగంలో చేరినప్పుడు పిల్లి అంటే రోగి కాదు. మందుల గదిలో ఎలుకలు పట్టే సిబ్బంది. మా దగ్గరికి వచ్చేవి గొర్రెలు, మేకలు, బర్రెలు, ఎడ్లు. ఎవరైనా పిల్లిని సంచిలో పెట్టుకుని వస్తే దానికంటే ముందు వాళ్ల ముఖంలో సిగ్గు కనిపించేది. నాకూ అంతే. బర్రె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడను లాగిన నేను, అరచేతిలో పట్టే పిల్లిపిల్ల ముందు తెల్లముఖం వేసిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు కాలం మారింది. మీరు చేరే నాటికి దవాఖాన ముందు వరసలో బర్రె పక్కనే పిల్లి కూడా ఉంటుంది. వాటి యజమానులు ఒకరినొకరు విచిత్రంగా చూసుకుంటుంటారు. మీరు ఇద్దరినీ ఒకేలా చూడండి.

తొట్టికి సున్నం

నా మొదటి పైఅధికారిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. మనిషి సన్నగా ఉండేవాడు, మాట ఇంకా సన్నగా ఉండేది. చివ్వెంల దగ్గర ఒక ఇంట్లో బర్రె నీళ్లు ముట్టడం లేదంటే వెళ్లాను. జ్వరం చూశాను, నోరు తెరిచి చూశాను, రెండు సూదులు పొడిచాను. బర్రె నా వైపు జాలిగా చూసిందే తప్ప నీళ్లు తాగలేదు. మరునాడు పెద్దసారు స్వయంగా వచ్చాడు. ఆయన బర్రెను తాకనే లేదు. కొట్టం చుట్టూ ఒకసారి తిరిగి, కుడితి తొట్టిలోకి తొంగి చూసి, దీనికి సున్నం ఎప్పుడు వేశారని అడిగాడు. ఇంట్లో పెండ్లి ఉందని గోడలతో పాటు తొట్టికి లోపలా బయటా తెల్లగా కొట్టేశారట. పాత బకెట్‌లో నీళ్లు పెడితే బర్రె గటగటా తాగింది.

తిరిగొస్తుంటే జీపులో ఆయన అన్నాడు: "పశువుకు నోరు లేదు గని, ఇంటికి ఉన్నది. ముందుగాల ఇల్లు సూడు."

ఆ వయసులో నాకది తప్పించుకునే మాటలా అనిపించింది. చదువుకున్నదంతా బర్రె లోపల ఉంటే ఈయన కొట్టం చూడమంటాడేంటి అనుకున్నాను. తర్వాత నాకు అన్నం పెట్టింది ఆ మాటే.

కోదాడ సారు జాలి

నడిగూడెంలో ఉన్నప్పుడు కోదాడలో ఉండే ఒక అధికారి కింద పనిచేశాను. కాలర్ విషయంలో ఆయన యముడు. ఆపరేషనైన కుక్కకో పిల్లికో కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ కడతాం కదా, ఎవరైనా దాన్ని ముందే విప్పారని తెలిస్తే వాళ్లను నిలబెట్టి కడిగేసేవాడు.

ఆయన కూతురి పిల్లికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. చేశాం, కాలర్ కట్టాం, పంపాం. రెండు రోజులు గడిచాయో లేదో సారు ఆ పిల్లిని తువ్వాల్లో చుట్టుకుని దొంగలా వెనక తలుపు నుంచి వచ్చాడు. కుట్లు ఊడి ఉన్నాయి. నేనేమీ అడగకముందే ఆయనే చెప్పాడు.

"అది గోడకి గుద్దుకుంటా తిరుగుతుంటే చూడలేకపోయానమ్మా. టీ తాగే సేపే కదా అని తీశాను."

ఆ టీ చల్లారే లోపే పిల్లి తన పని పూర్తి చేసింది. మళ్లీ కుట్లు వేస్తున్నంతసేపూ సారు దాని కాళ్లు పట్టుకుని గోడవైపే చూశాడు. పిల్లి బతికింది. సారు ఆ తర్వాత ఎవరినీ తిట్టలేదు. కాలర్ విప్పిన వాళ్లొస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. నాకు ఆయన అప్పటినుంచే నచ్చాడు.

కాలర్ కట్టగానే పిల్లి మొదట వెనక్కి నడుస్తుంది. ఆ గరాటులోంచి వెనక్కి జారి బయటపడొచ్చని దాని ఆశ. ద్వారబంధాలకు గుద్దుకుంటుంది, దాని మీసాలకు ఏదీ తగలదు, చప్పుళ్లన్నీ మైకులోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. చూసేవాళ్ల గుండె తరుక్కుపోతుంది. కానీ ఓపిక పడితే ఒకటి రెండు పూటల్లో అది లెక్క నేర్చుకుంటుంది. దానికి అలవాటైపోతుంది, అలవాటు కానిది ఇంట్లోవాళ్లకే. నా అనుభవంలో కుట్లకు చీము చేసిన చెరుపు కంటే జాలి చేసిన చెరుపే ఎక్కువ.

మిల్లు పిల్లి

ఇక నూకి సంగతి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు పిల్లి అది. నూకల రంగులో ఉంటుందని ఆ పేరు. మిల్లు యజమాని పాండురంగం సేటు. ఆయన భార్య రుక్మిణమ్మను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మడి, ఆచారం గట్టిగా పాటించే మనిషి. ఆమెకు ఒక మోకాలి ఆపరేషన్ అయింది. రెండోదీ అరిగిపోయింది గానీ, దవాఖాన పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. మేడ దిగి మిల్లులోకి పోలేకపోయేది కాబట్టి మిల్లు కబుర్లు మోసుకుని నూకే రోజూ మేడ ఎక్కేదని సేటు ఎగతాళి చేసేవాడు. తాను కూతవేటు దూరంలో ఉన్నా భార్య తనకంటే పిల్లితోనే ఎక్కువ మాట్లాడుతుందని ఆయన ఫిర్యాదు.

నూకి పొట్ట ఉబ్బితే ఇంట్లోవాళ్లు మళ్లీ పిల్లలే అనుకున్నారు. కాదు, గర్భసంచి నిండా చీము. ఆలస్యంగానే తెచ్చారు. గర్భసంచి తీసేశాను, బతికింది. అయితే కట్టడానికి పిల్లి సైజు కాలర్ మా దవాఖానలో లేదు, ఊళ్లో దొరకలేదు. ఇలాంటప్పుడు మా పాత కిటుకు ఒకటుంది. పాత ఎక్స్‌రే ఫిల్మును గుండ్రంగా కత్తిరించి, మధ్యలో మెడకు చోటు వదిలి, అంచులకు గుడ్డ ప్లాస్టరు అంటించి గరాటులా చుడితే తేలికైన కాలర్ తయారవుతుంది. ఇంట్లో ఎక్స్‌రే ఏదైనా ఉందా అన్నాను. సేటు మనిషిని పంపి తెప్పించాడు. అది పెద్దమ్మ మోకాలు.

కాలర్ కట్టి చూస్తే నూకి కుడిచెవి పక్కన మోకాలిచిప్ప తెల్లగా మెరుస్తోంది. సేటు కళ్లజోడు సవరించుకున్నాడు.

"బోడిగుండుకు మోకాలుకు ముడి వెడ్తరంటే ఇన్న గని, పిల్లి మెడకు మోకాలు కట్టంగ ఇయాల్నే సూసిన."

అందరూ కాపలాయే

మరునాడు సాయంత్రం సేటు ఫోన్ చేశాడు. నూకి కాస్త పాలు తాగింది గానీ, ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒంటికి పోలేదట. నేను బండి తీసుకుని వెళ్లాను.

పొట్ట కింద మెల్లగా తడిమితే మూత్రసంచి బత్తాయిలా నిండుగా తగిలింది. దారి మూసుకుపోలేదు, అది పట్టుకుని కూర్చుంది. మామూలుగా అయితే చేత్తో ఒత్తి పోయించవచ్చు. కానీ పొట్ట మీద పచ్చి కుట్లు, ఒత్తితే విచ్చుకోవచ్చు. మళ్లీ మత్తిచ్చి గొట్టం వేద్దామంటే, చీము పీల్చేసిన ఆ ఒంటికి మరో మత్తు తట్టుకునే బలం ఉందని నాకు నమ్మకం లేదు. తెల్లారేలోపు అది దానంతటది పోతే బతుకుతుంది. లేదంటే ఏం చెప్పలేను. ఈ మాట చెప్పగానే పెద్దమ్మ ముఖం వాడిపోయింది. కాలర్ విప్పితే పోతుందేమో అంది. నాకు కోదాడ సారు టీ గుర్తొచ్చింది. విప్పేది లేదన్నాను.

అప్పుడు పెద్దసారు చెప్పినట్టు పిల్లిని వదిలేసి ఇల్లు చూడడం మొదలుపెట్టాను.

ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు, అదే చిక్కు. హాలు మధ్యలో ఫ్యాన్ కింద కొత్త ప్లాస్టిక్ తొట్టి పెట్టారు. అందులో హైదరాబాద్ నుంచి తెప్పించిన వాసన ఇసుక, మల్లెపూల వాసన. నూకి దాని దగ్గరికి పోయి వచ్చిన ప్రతిసారీ, అది వాడినా వాడకపోయినా, మైలని తొట్టిని ఫినాయిలుతో కడిగి మళ్లీ ఇసుక నింపుతున్నారు. చీమలు రాకుండా చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీశారు. ఫినాయిలూ ఆ చాక్‌పీసూ రెండూ పిల్లికి విషమే. నాకు ఒళ్లు మండింది, నోటికొచ్చినట్టు తిట్టాను. తొట్టి అంచు ఎత్తుగా ఉంది, నూకి ఎక్కబోతే కాలర్ కొట్టుకుని ఆగిపోతోంది. వీటన్నిటికీ తోడు చుట్టూ జనం. సేటు, కోడళ్లు, పిల్లలు, వంటామె, మిల్లు గుమాస్తా కూడా. అందరూ తొట్టి చుట్టూ నిలబడి దాన్నే చూస్తున్నారు. అది అటు తిరిగితే అందరూ ఊపిరి బిగబడుతున్నారు, ఇటు తిరిగితే నిట్టూరుస్తున్నారు.

తొట్టిని వేడినీళ్లతో వాసన పోయేదాకా కడిగించాను. చాక్‌పీసు గీత తుడిపించాను. ఒకవైపు అంచును కత్తితో కిందికి కోశాను. కాలర్‌ను ముక్కుకు కొంచెం ముందు దాకా మాత్రమే ఉండేలా కత్తిరించాను. పెద్దమ్మ మోకాలిచిప్ప సగం తెగిపోయింది. పచ్చి కుట్లున్నప్పుడు దుమ్ము అంటకుండా నేను మామూలుగా కాగితం ముక్కలే పరవమంటాను. పరిచాం. నూకి వాటి మీద ముడుచుకుని పడుకుంది.

మరి ఇన్నాళ్లూ ఇది ఎక్కడికి పోయేదని అడిగాను. సేటుకు కోపం వచ్చింది. లక్ష్మి ఉండే మిల్లులో తన పిల్లి అలాంటి పని చేయదన్నాడు. ఆయన వెనక నిలబడిన గుమాస్తా నవ్వు ఆపుకుంటూ కిటికీలోంచి ఊక గుట్ట వెనకవైపు చూపించాడు. పుట్టినప్పటి నుంచి ధాన్యం పొట్టులో కాళ్లతో గోకి, పని కానిచ్చి, కప్పిపెట్టిన పిల్లికి మల్లెపూల ఇసుక ఏం తెలుస్తుంది? ఊక తెప్పించి, దుమ్ము పోయేలా జల్లెడ పట్టించి, తొట్టిలో పలచగా పరిచాను. దాని పాతచోటి నుంచి ఒక పిడికెడు తెచ్చి పైన చల్లాను. ఆ పిడికెడు ఏమిటో పెద్దమ్మకు చెప్పలేదు.

నూకి తొట్టి వాసన చూసింది. ముందుకాలు పెట్టింది. తల ఎత్తి చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

తెర కింద చెప్పులు

తలుపు వేసుకునే ఒంటరి గది కావాలన్నాను. ఆ మేడ మీద అలాంటిది ఒక్కటే ఉంది. పూజగది పక్క చిన్న గది. అందులో పెద్దమ్మ మడిబట్టలు, ఏడాదికి సరిపడా పచ్చళ్ల జాడీలు ఉన్నాయి. ఆ గదిలోకి కోడళ్లే స్నానం చేయకుండా పోరు.

పెద్దమ్మ కుదరదంది. పచ్చడి జాడీల పక్కన పిల్లి దొడ్డికి పోవుడేందని, ఇన్నేండ్ల ఆచారం ఏం కావాలని అడిగింది. నేను వాదించలేదు. వాదనలో ఆమెను గెలిచినవాళ్లు మిర్యాలగూడలో లేరు. పక్కన కూర్చుని, మోకాలి ఆపరేషన్ అప్పుడు దవాఖానలో ఎట్లా గడిచిందని అడిగాను.

ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"ఏం జెప్పాలె బిడ్డా. ఒంటికి పొమ్మని మంచం మీదనే బెడ్‌పాన్ వెట్టిన్రు. సుట్టు తెర కట్టిన్రు గని, తెర కింద అందరి చెప్పులు కనవడుతున్నయి. ఈయనయి, కొడుకులయి, డాక్టర్లయి. గా చెప్పులను సూసుకుంట నాకెట్ల అయితది? పొద్దుమూకేదాంక బిగవట్టుకున్న. పానం పోయినట్టే అయింది."

"మరెట్లయింది పెద్దమ్మా?"

"ఒక ఆయమ్మ వచ్చింది. అందరిని బయటికి వెళ్లగొట్టి, నల్లా ఇప్పిపెట్టి, తలుపేసి పోయింది. ఆమె కడుపు సల్లగుండ."

అంటూనే ఆమె చూపు నూకి మీద పడింది. నూకి నేల మీద పొట్ట ఆనించి కూర్చుని, మెడలో సగం మోకాలుతో, ఎదురుగా వరసగా ఉన్న మా కాళ్లను చూస్తోంది. పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. రెండో మోకాలు కటకటలాడింది.

"లేవున్రి. జాడీలు బయటవెట్టున్రి. అందరు బయటికి నడువున్రి."

జాడీలు ఒక్కొక్కటే హాల్లోకి వచ్చాయి. మామిడికాయ, చింతకాయ, ఉసిరికాయ. మడిబట్టలను ఆమే స్వయంగా తీసి భుజాన వేసుకుంది. తొట్టిని ఆ గదిలో ఒక మూలన పెట్టాను, దాని దగ్గర కాకుండా ఎదుటి మూలన పల్చటి పళ్లెంలో నీళ్లు పెట్టాను. నూకిని లోపల వదిలి తలుపు దగ్గరగా వేశాం.

ఆ తర్వాత నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడని దృశ్యం చూశాను. ఊళ్లో పేరున్న మిల్లు సేటు, ఆయన భార్య, ఇంటిల్లిపాదీ పచ్చళ్ల జాడీల మధ్య కూర్చుని ఒక పిల్లి ఎప్పుడు ఒంటికి పోతుందా అని తలుపుకు చెవులొగ్గి వింటున్నారు. ఒకసారి కాలర్ గోడకు గీసుకున్న చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పెద్దమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుతోందో. చివరికి ఊక గోకిన చప్పుడు, గలగలమంటూ. మళ్లీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంతసేపని చెప్పను, బత్తాయంత సంచి ఖాళీ కావాలి కదా. ఆ తర్వాత మళ్లీ ఊక గలగల, కప్పిపెడుతున్న చప్పుడు.

సేటు తలుపు మీంచి చెవి తీశాడు.

"అయింది," అన్నాడు.

పెద్దమ్మ ఏడ్చేసింది. నాకూ కళ్లు తడిశాయి, సంతోషంతో. సేటు మిల్లు మొత్తానికి జిలేబీ తెప్పించాడు. హమాలీలు మనవడు పుట్టాడేమో అనుకుని గుమాస్తాను అడిగారట. నూకి ఒంటికి పోయిందని అతను చెప్పాడట. వాళ్లు అతని ముఖం ఒకసారి చూసి, ఇంకో జిలేబీ తీసుకున్నారు.

పుస్తకంలో లేనిది

కాలర్ కొలత, తొట్టి ఎత్తు, ఫినాయిలు వద్దనడం, ఇవన్నీ మీకు కాలేజీలో చెప్తారు. చెప్పకపోతే ఫోన్‌లో దొరుకుతాయి. ఫోన్‌లో దొరకనిది ఒకటుంది. మన దగ్గరికి వచ్చే ప్రాణానికి నొప్పితో పాటు సిగ్గు కూడా ఉంటుంది. అలవాటైన చోటు కావాలని ఉంటుంది. మందు సరిగ్గా ఇచ్చి దీన్ని మరచిపోయే డాక్టరు నా దృష్టిలో సగం డాక్టరే. నేను చాలా ఏళ్లు సగం డాక్టరుగానే జీతం తీసుకున్నాను, ప్రభుత్వం వారు పట్టించుకోలేదు.

రెండో మోకాలు

కుట్లు విప్పిన రోజు కాలర్ తీసేస్తే నూకి తన మెడను సాయంత్రం దాకా నాకుతూనే ఉంది. ఆ ఫిల్మును పెద్దమ్మ తుడిచి, మళ్లీ కవర్లో పెట్టి దాచుకుంది. జాడీలు ఆ గదిలోకి తిరిగి పోలేదు. గది నూకిదే అయిపోయింది.

నేను పదవీ విరమణ చేశాక పెద్దమ్మ నుంచి కబురొచ్చింది. రెండో మోకాలి ఆపరేషన్‌కు ఒప్పుకుందట. పాత ఎక్స్‌రే తెమ్మంటే హైదరాబాద్ డాక్టరుకు ఆ ఫిల్మే చూపించిందట. ఆయన దాన్ని వెలుగుకు ఎత్తిపట్టి, మధ్యలో మెడంత కన్నం, ప్లాస్టరుకు అంటుకున్న బొచ్చు, అంచున పంటిగాట్లు చూసి, ఇదేమిటని అడిగాడట. మోకాలు తనదేనని, మెడ మాత్రం నూకిదని ఈమె చెప్పిందట. ఆపరేషన్‌కు ఒక్కటే షరతు పెట్టిందట. తెర కాదు, తలుపుండే గది కావాలని.

ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి దవాఖానకు వెళ్లాను. గది తలుపు మూసి ఉంది. బయట సేటు, కొడుకులు, కోడళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఏమైందని అడగబోతే, సేటు వేలు పెదవుల మీద పెట్టుకుని, తలుపుకు చెవి ఆనించాడు. అప్పుడు నాకర్థమైంది. నేనూ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. లోపల నల్లా నీళ్లు పారుతున్న చప్పుడు.

అంతలో పెద్దమ్మ గొంతు వినిపించింది.

"తలుపు కింద సందుల మీ చెప్పులు కనవడుతున్నయి. జర దూరం పోన్రి."

మేమందరం చెప్పులు చేతబట్టుకుని వరండా చివరిదాకా నడిచాం. సేటు అప్పటికే జిలేబీకి ఫోన్ చేస్తున్నాడు.